ఈడ ఒత్తితే దుడ్లు పోతాయా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లల నుంచే. కాలేజీలో టీమ్ ప్రాజెక్ట్ ఇచ్చారు, సాఫ్ట్‌వేర్ తయారు చేయడంతో సరిపోదు, దాన్ని టెస్ట్ చేయాలి, వాడేవాళ్ళకు సులువుగా ఉందో లేదో చూడాలి, రిపోర్ట్ ఇవ్వాలి. అందరి ఇబ్బందీ కాస్త అటూ ఇటుగా ఒకటే కాబట్టి మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు జరిపి ఈ పేజీలు దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మేం ఐదుగురం, మూడో సంవత్సరం. పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళలో) ఉండేవాళ్ళు రేపు మెస్‌లో తింటారో లేదో ముందు రోజు రాత్రి 8 లోపు చెప్పే యాప్ చేస్తున్నాం, వండిన అన్నం పారబోయకుండా. ఇద్దరు కోడ్ రాస్తున్నారు, ఒకరు డిజైన్, ఒకరు పీపీటీ. నాకు కోడింగ్ అంతగా రాదని టెస్టింగ్ ఇచ్చారు. ‘అంతా వర్క్ అవుతోంది, నాలుగుసార్లు నొక్కి చూసి రిపోర్ట్ రాసెయ్’ అంటున్నారు. ఏం రాయాలో తెలియడం లేదు, ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, బీటీఎం లేఅవుట్

జవాబు: ముందు ఆ పంపకం మార్చండి అమ్మా. కోడింగ్ రానివాళ్ళకు టెస్టింగ్ అనే పంపకాన్ని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కంపెనీలో కూడా చూశాను, రిలీజ్‌కు రెండు రోజుల ముందు టెస్టింగ్ టీమ్‌ని పిలిచేవారు, బగ్, అంటే ప్రోగ్రామ్‌లో తప్పు, ఉందని చెబితే ‘ఇప్పుడా చెప్పేది’ అని మా మీదే విసుక్కునేవారు. ఆ అలవాటు కాలేజీలో ఇలాంటి పంపకంతోనే మొదలవుతుందని నాకు గట్టి నమ్మకం. మీ ఐదుగురిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి కట్టాలి, ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళు కట్టింది విరుగుతుందేమో చూడాలి. మనం రాసిన ఉత్తరంలో తప్పు మన కంటికి ఎలా ఆనదో, మన కోడ్‌లో తప్పు కూడా అంతే. రాసినవాళ్ళ వేలు వాళ్ళు వేసుకున్న దారిలోనే పోతుంది, పేరు కొట్టాం, తేదీ పెట్టాం, బటన్ నొక్కాం, వర్క్ అవుతోంది.

మీవాళ్ళు ఒప్పుకోకపోతే ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఇది చేయించండి. గ్లెన్‌ఫర్డ్ మయర్స్ అనే ఆయన 1979లో టెస్టింగ్ మీద పుస్తకం రాస్తూ మొదట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టాడు. ఒక ప్రోగ్రామ్ మూడు పూర్ణ సంఖ్యలు తీసుకుంటుంది, వాటిని త్రిభుజం భుజాలుగా తీసుకుని మూడూ సమానమా, రెండే సమానమా, ఏవీ సమానం కావా అని చెబుతుంది. దీన్ని టెస్ట్ చేయడానికి ఏయే సంఖ్యలు ఇస్తారో రాయాలి. ఐదుగురూ విడివిడిగా, మాట్లాడుకోకుండా, పది నిమిషాలు. 3, 4, 5 అందరూ రాస్తారు, 5, 5, 5 కూడా రాస్తారు. 1, 2, 3 ఎంతమంది రాశారో చూడండి, రెండు భుజాలు కలిపితే మూడోదానికి సమానమైతే అది త్రిభుజమే కాదు, గీత. 1, 2, 4 రాశారా? సున్నా? మైనస్? 5, 5, 3 రాసినవాళ్ళు 5, 3, 5ని, 3, 5, 5ని కూడా రాశారా? రెండే సంఖ్యలు ఇచ్చి ఎంటర్ కొడితే ఏమవుతుంది? మయర్స్ 14 అంశాలు లెక్కపెట్టాడు, మంచి అనుభవం ఉన్న ప్రోగ్రామర్లకే సగటున 7.8 వచ్చాయని రాశాడు. మీ ఐదు కాగితాలూ పక్కపక్కన పరిస్తే ఒకరికి తట్టనిది ఇంకొకరికి తట్టి ఉంటుంది, ఆ జాబితా మొత్తం ఏ ఒక్కరి కాగితంలోనూ ఉండదు. టీమ్‌లో ఉండి టెస్టింగ్ నేర్చుకోవడం వల్ల వచ్చే లాభం ఇదే, ఒంటరిగా కూర్చుంటే ఇది దొరకదు.

ఇప్పుడు మీ యాప్‌కు రండి. ‘రాత్రి 8 లోపు’ అన్నారు. సరిగ్గా 8కి నొక్కితే లెక్కలోకి వస్తుందా, రాదా? 7:59:59కి, 8:00:00కి, 8:00:01కి ఏం జరగాలో ముందు మీ ఐదుగురిలో ఎవరైనా చెప్పగలరా? ఆ 8 ఎవరి గడియారంలో, ఫోన్‌లోనా, సర్వర్‌లోనా? ఫోన్ టైమ్ పది నిమిషాలు వెనక్కి తిప్పి 8:05కి బుక్ చేసుకోవచ్చా? ఇవి అడగడానికి కోడ్ ఒక్క లైన్ కూడా రానక్కర్లేదు, కోడ్ రాయకముందే అడగొచ్చు, అప్పుడైతే సరిచేయడం ఒక్క మాటతో అయిపోతుంది. తప్పులు ఎక్కువగా హద్దుల దగ్గరే దాక్కుంటాయి. అతిథులను 1 నుంచి 5 దాకా తీసుకురావచ్చు అని ఉంటే 2, 3, 4 మూడూ వేసి చూడటం కన్నా 0, 1, 5, 6 వేసి చూడండి, తర్వాత ఖాళీగా వదిలేసి, ఆ తర్వాత ‘రెండు’ అని అక్షరాల్లో కొట్టి చూడండి. సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు ఆగిపోయి నెట్ అందీ అందకుండా ఉన్నప్పుడు మనిషి బటన్ ఒక్కసారి నొక్కి ఊరుకోడు, రెండోసారి కూడా నొక్కుతాడు, అది కూడా చూడండి.

రిపోర్ట్‌లో ఏం రాయాలని అడిగారు. మీరు ఏ ప్రశ్న వేశారు, ఏం ఇచ్చారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏది చూడటానికి టైమ్ చాలలేదు. ఆ చివరిది దాచకండి, నేను అయితే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: నేను బగ్ చెప్పిన ప్రతిసారీ మా ఫ్రెండ్‌కు కోపం వస్తోంది. ‘నా ఫోన్‌లో బాగానే ఉంది కదా’ అంటాడు. మొన్న గ్రూప్‌లో మాటా మాటా పెరిగి రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఇద్దరం ఒకే ఊరివాళ్ళం, ఒకే రూమ్.
– ఒక విద్యార్థి, మారతహళ్ళి

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ‘బుకింగ్ పనిచేయట్లేదు, చూడు బ్రో, ఎన్నిసార్లు చెప్పాలి’ అని రాత్రి 1:20కి పెట్టారు. అది బగ్ రిపోర్ట్ కాదు, ఫిర్యాదు. అతనికి కోపం రావడంలో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే ఆ ఒక్క లైన్ చదివి అతను చేయగలిగింది ఏమీ లేదు. అదే బగ్‌ను ఇలా రాసి చూడండి:

‘నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు బుక్ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు భోజనాలు నమోదవుతున్నాయి. యాప్ వెర్షన్ 0.4, ఆండ్రాయిడ్ 13. చేసింది: లాగిన్ అయ్యాను, రేపటి మధ్యాహ్న భోజనం ఎంచుకున్నాను, మొబైల్ డేటా 2జీకి మార్చాను, బుక్ నొక్కాను, మూడు సెకన్లు ఆగి మళ్ళీ నొక్కాను. రావాల్సింది: ఒక భోజనం. వచ్చింది: రెండు. 5 సార్లు చేస్తే 4 సార్లు ఇలాగే వచ్చింది. వీడియో జత చేశాను.’

ఇందులో ‘నువ్వు’ లేదు, ‘నీ కోడ్’ లేదు. అతను తన ఫోన్‌లో అవే అడుగులు వేసి తన కళ్ళతో చూసుకోగలడు, అప్పుడు ‘నా ఫోన్‌లో బాగానే ఉంది’ అనే మాటకు చోటే ఉండదు. ఒక రిపోర్ట్‌లో ఒకే బగ్ రాయండి, మూడు కలిపి రాస్తే ఒకటి సరిచేసి మూడూ అయిపోయాయనుకుంటారు. వాట్సాప్‌లో కాకుండా ఒక షీట్‌లోనో, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లోని ఇష్యూల జాబితాలోనో పెట్టండి, వాట్సాప్‌లో పెట్టింది తెల్లారేసరికి గుడ్ మార్నింగ్‌ల కింద పడిపోతుంది.

ఇంకో గొడవ మీ ఉత్తరంలో కనిపించింది, ఏ బగ్ ముందు సరిచేయాలని. తీవ్రత వేరు, తొందర వేరు. హోమ్ స్క్రీన్ మీద పీజీ పేరు తప్పుగా పడితే యాప్‌కు ఏ నష్టమూ లేదు, తీవ్రత తక్కువే, కానీ రేపు ఓనర్ ముందు డెమో ఉంటే ముందు సరిచేయాల్సింది అదే. ఫిబ్రవరి 29న యాప్ మూతపడుతుందనుకోండి, తీవ్రత చాలా ఎక్కువ, కానీ ఆ తేదీ ఇంకా ఏడాది పైన ఉంటే ఈ వారం వదిలేయొచ్చు. తీవ్రత ఎంతో బగ్ కనిపెట్టినవాళ్ళు చెప్పాలి, తొందర ఎంతో టీమ్ అంతా కూర్చుని తేల్చుకోవాలి. వారానికి అరగంట చాలు, టీ తాగుతూ.

వచ్చే వారం మీరు రాసిన భాగాన్ని అతనికి ఇచ్చి బగ్‌లు వెతకమనండి. ఇంకొకరు వెతికితే ఎలా ఉంటుందో మీకూ తెలియాలి కదా.

ప్రశ్న: యూజబిలిటీ (వాడటానికి ఎంత సులువో) చూడటం కోసం క్లాస్‌లో 20 మందికి గూగుల్ ఫామ్ పంపాం. 18 మంది ‘చాలా బాగుంది’ అని పెట్టారు. మా సార్ అది తీసి పక్కన పెట్టి మళ్ళీ చేయమన్నారు. 20 మంది తక్కువా? ఎంతమంది కావాలి?
– నలుగురు విద్యార్థులు, వైట్‌ఫీల్డ్

జవాబు: మీ సార్ చేసింది మంచి పని. 20 మంది తక్కువ కాదు, ఎక్కువ. ఐదుగురు చాలు, కానీ ఆ ఐదుగురూ మీ క్లాస్‌వాళ్ళు కాకూడదు, వాళ్ళ అభిప్రాయం అడగకూడదు, చేతికి ఫోన్ ఇచ్చి పని చెప్పి చూడాలి.

ఐదు అనే అంకె ఊరికే చెప్పలేదు. యూజబిలిటీ మీద పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక్క మనిషి వాడుతుండగా చూస్తే ఉన్న ఇబ్బందుల్లో సగటున 31 శాతం బయటపడతాయి. రెండో మనిషి దగ్గర కొన్ని కొత్తవి, కొన్ని చూసినవే. ఐదుగురు అయ్యేసరికి దాదాపు 85 శాతం. ఆరో మనిషి నుంచి చూసిందే మళ్ళీ చూస్తారు. అందుకని 15 మంది దొరికితే ఒకేసారి కూర్చోబెట్టకుండా ఐదుగురితో చూసి, సరిచేసి, ఇంకో ఐదుగురితో చూడమంటాడు నీల్సన్. ఇది సగటు లెక్క, మీ యాప్‌కు అచ్చంగా అంతే రావాలని లేదు, ఇంకా వాడేవాళ్ళలో రెండు రకాలుంటే రెండు రకాల నుంచీ మనుషులు కావాలి.

ఆ రెండు రకాల సంగతి నాకు ఒక టీమ్ దగ్గర బాగా అర్థమైంది. పోయిన ఏడాది శనివారాల్లో కొందరు పిల్లలకు సాయం చేసేవాణ్ణి, వాళ్ళదీ మెస్ యాపే. తినేవాళ్ళ స్క్రీన్లు చక్కగా వేశారు. వండేవాళ్ళకు ఒకే స్క్రీన్, అందులో మూడు డబ్బాలు, ‘కన్ఫర్మ్‌డ్ 18’, ‘పెండింగ్ 43’, ‘క్యాన్సిల్డ్ 6’, కింద ఎర్ర రంగులో ‘క్లోజ్ మీల్’ అని ఒక బటన్. మదనపల్లె వైపు నుంచి వచ్చి ఆ పీజీలో వండిపెట్టే అక్క దగ్గరకు వెళ్ళి, ‘అక్కా, రేపు పొద్దున ఎంతమందికి వండాలో ఇందులో చూసి చెప్పు’ అని ఫోన్ ఇచ్చారు. ఆమె బియ్యం కడుగుతోంది. కొంగుకు చేయి తుడుచుకుని ఫోన్‌ను కాస్త దూరంగా పట్టుకుంది. బొటనవేలు ఇంకా తడిగానే ఉండి మొదటి రెండుసార్లు స్క్రీన్ కదల్లేదు. తర్వాత 43 మీద నొక్కింది, ఏమీ కాలేదు, 18 మీద నొక్కింది, ఏమీ కాలేదు. వేలు ఎర్ర బటన్ దాకా తీసుకెళ్ళి ఆపేసి మా వైపు చూసి, ‘ఈడ ఒత్తితే దుడ్లు పోతాయా నాయనా?’ అంది.

యాప్ రాసిన అబ్బాయి ‘కాదక్కా, అది కాదు, పైన’ అని చేయి చాచబోతే నేను ఆ చేయి పట్టుకున్నాను. ఆగమన్నాను. ఒక నిమిషం దాకా ఎవరూ మాట్లాడలేదు, ఆ నిమిషం వాడికి చాలా కష్టంగా గడిచింది, ముఖంలో కనిపించింది. అక్క ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ ‘ఎందరికి ఎసరు పెట్టాల్నో చెప్పండి, సాలు’ అంది. ఆ రాత్రే ఆ మూడు డబ్బాలూ తీసేసి స్క్రీన్ మధ్యలో పెద్ద అక్షరాల్లో ఒకే అంకె పెట్టారు, ‘రేపు పొద్దున 61 మందికి’. పెండింగ్‌వాళ్ళను కలపాలా వద్దా అని అందరూ గంటసేపు వాదించుకున్నారు, అసలు యాప్ మొత్తం మీద తేల్చుకోవాల్సిన ప్రశ్న అదే, రెండు నెలలుగా ఎవరికీ గుర్తు రాలేదు. వాడు ఆ రోజు చేయి చాచి చూపించి ఉంటే అక్క ‘ఓ, అట్లనా’ అనేది, వీళ్ళు రిపోర్ట్‌లో ‘సులువుగా ఉంది’ అని రాసుకునేవాళ్ళు.

కాబట్టి మీ నలుగురూ పని పంచుకోండి. ఒకరు మాత్రమే మాట్లాడాలి, అది కూడా పని చెప్పడానికి. ఒకరు చూసింది చూసినట్టు రాసుకోవాలి, ‘తికమక పడింది’ అని కాదు, ‘43 మీద నొక్కింది, ఆగింది, 18 మీద నొక్కింది’ అని. ఒకరు టైమ్ చూడాలి. ఆ స్క్రీన్ రాసినవాళ్ళు వెనక కూర్చుని నోరు తెరవకూడదు. పని చెప్పేటప్పుడు బటన్ మీద ఉన్న మాట వాడకండి, ‘బుక్ మీల్ నొక్కండి’ అంటే జవాబు మీరే ఇచ్చినట్టు, ‘రేపు రాత్రి మీరు ఊరెళ్తున్నారు, భోజనం వద్దని చెప్పండి’ అంటే పరీక్ష. మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ చేయమనండి, వాళ్ళ భాషలోనే, తెలుగైతే తెలుగు, కన్నడమైతే కన్నడం. బెంగళూరులో మీ టీమ్‌లో ఎవరో ఒకరికి ఆ భాష వచ్చే ఉంటుంది. ముందే ‘పరీక్ష యాప్‌కు, మీకు కాదు’ అని చెప్పండి, వీడియో తీస్తే అడిగి తీయండి, వద్దంటే తీయకండి.

మనుషుల దగ్గరకు వెళ్ళేముందు మీరే చేసుకోగలిగిన పని ఒకటుంది. నీల్సన్, రోల్ఫ్ మోలిచ్ 1990లో చెప్పిన పద్ధతి, కొన్ని సూత్రాలు ముందు పెట్టుకుని స్క్రీన్లు ఒక్కొక్కటీ చూడటం. 1994 నాటికి ఆ సూత్రాలు పది అయ్యాయి, ఏం జరుగుతోందో యాప్ చెబుతోందా, వాడేవాళ్ళ మాటల్లో ఉందా, తప్పు నొక్కితే వెనక్కి రావచ్చా, ఇలా. ఒక్కరు చూస్తే చాలా వదిలేస్తారు, ముగ్గురు నుంచి ఐదుగురు ఎవరికి వారు విడిగా చూసి తర్వాత కలపాలి. కలిసి కూర్చుని చూడకండి, గట్టిగా మాట్లాడేవాళ్ళు చెప్పిందే మిగతావాళ్ళకూ కనిపిస్తుంది.

మార్కుల కోసం ఒక అంకె కావాలంటే జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నాపత్రం ఉంది, సస్ అంటారు. యాప్ వాడినవాళ్ళు ఒక్కో వాక్యాన్ని ఎంత ఒప్పుకుంటారో 1 నుంచి 5 దాకా వేస్తారు. బేసి వాక్యాలకు వచ్చినదాంట్లోంచి 1 తీసేయాలి, సరి వాక్యాలకు 5 లోంచి వచ్చింది తీసేయాలి, అన్నీ కూడి 2.5తో గుణిస్తే 100కు వస్తుంది. అది శాతం కాదు, చాలామంది అలా రాస్తారు. మామూలు సగటు 68 దగ్గర ఉంటుంది, అంటే 70 వస్తే ఫస్ట్ క్లాస్ కాదు, పర్వాలేదు అని. ఐదుగురితో వచ్చిన అంకెను పెద్ద అక్షరాల్లో వేయకండి. అక్క అడిగిన ప్రశ్న వేయండి.

ప్రశ్న: నేను ఇక్కడ ఒక కాలేజీలో లెక్చరర్‌ని. టీమ్‌లో ఒకరు చేస్తారు, ముగ్గురు పేర్లు పెట్టుకుంటారు. ఎవరు నేర్చుకున్నారో ఎలా తెలుసుకోవాలి? బగ్‌ల సంఖ్యను బట్టి మార్కులు వేయవచ్చా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: సంఖ్యను బట్టి వద్దు మేడమ్. వేసిన మర్నాడే ఒక అచ్చుతప్పును ఐదు బగ్‌లుగా రాసి తెస్తారు. టీమ్‌లు మార్చి చూడండి, ఒక టీమ్ యాప్‌ను ఇంకో టీమ్ టెస్ట్ చేయాలి, రిపోర్ట్ మీకు కాదు, ఆ యాప్ కట్టిన టీమ్‌కు ఇవ్వాలి, వాళ్ళు దాన్ని చదివి ఎన్ని బగ్‌లను మళ్ళీ తెప్పించగలిగారో అది చూడండి. తెప్పించలేకపోతే రిపోర్ట్ సరిగ్గా లేదన్నమాట. బగ్ షీట్‌లో ప్రతి ఎంట్రీకి పేరు, తేదీ ఉంటాయి కాబట్టి చివరి రాత్రి అంతా ఒక్కరే నింపారా, నాలుగు వారాలుగా నలుగురూ రాశారా మీకే తెలుస్తుంది. వైవాలో ఒక్కొక్కరిని వాళ్ళు రాయని బగ్ మీద అడగండి. యూజబిలిటీకి అయితే ప్రతి విద్యార్థీ కనీసం ఒకసారి నోరు మూసుకుని కూర్చునే కుర్చీలో కూర్చోవాలని నియమం పెట్టండి, తను రాసిన స్క్రీన్ ముందే.

ప్రశ్న: మారతహళ్ళిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మాన్యువల్ (చేత్తో చేసే టెస్టింగ్) ప్లస్ సెలీనియం (బ్రౌజర్‌లో టెస్టులు తనంతట తానే నడిపే సాఫ్ట్‌వేర్) కోర్సు చేరమంటున్నారు. ఐఎస్‌టీక్యూబీ అనే అంతర్జాతీయ టెస్టింగ్ సంస్థ సర్టిఫికెట్ తప్పనిసరి అంటున్నారు, నిజమేనా?
– ఒక ఫైనల్ ఇయర్ విద్యార్థి

జవాబు: తప్పనిసరి కాదు. వాళ్ళ మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్షలో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 సరిగ్గా రాస్తే పాస్. మాతృభాష కాని భాషలో రాసేవాళ్ళకు 75 నిమిషాలు ఇస్తారు. సిలబస్ వాళ్ళ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు అది చదివి చూడండి, పదాలు అందరూ ఒకే అర్థంలో వాడటానికి పనికొస్తుంది. సెలీనియం కూడా డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేరే, 2004 నుంచి ఉంది. కానీ ఏం టెస్ట్ చేయాలో తెలియకుండా ఆటోమేషన్ నేర్చుకుంటే తప్పు దారినే వేగంగా పోతారు. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ళను నేను అడిగేది ఒకటే, మీరు కనిపెట్టిన ఒక బగ్ గురించి చెప్పండి అని. పది నిమిషాలు చెప్పగలిగితే సర్టిఫికెట్ సంగతి అడగను.

ప్రశ్న: మా యాప్‌లో తెలుగు, కన్నడం కూడా పెట్టాం. ప్రత్యేకంగా ఏమైనా టెస్ట్ చేయాలా?
– ఒక టీమ్, కె.ఆర్. పురం

జవాబు: చాలా ఉన్నాయి, తెలుగువి చెబుతాను, కన్నడానికీ ఇంచుమించు ఇవే. పేరు కొట్టే చోట ‘స్త్రీ’ అని కొట్టండి. కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే యూనికోడ్‌లో మాత్రం ఆరు గుర్తులు, స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. దాన్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ‘20 అక్షరాలు దాటకూడదు’ అని మీరు పెట్టిన హద్దు వీటిలో దేన్ని లెక్కపెడుతోంది? హద్దు మధ్యలో పడితే పేరు సగంలో తెగి పొల్లుతో మిగిలిపోతుంది. బ్యాక్‌స్పేస్ కొట్టి ఏం చెరిగిపోతుందో చూడండి. మెసేజ్ పంపిస్తుంటే ఇంగ్లీష్‌లో 160 అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్‌లో తెలుగు సాధారణంగా 70 గుర్తులే పడతాయి, మీరు ఒకటి అనుకున్నది రెండు మెసేజ్‌లై డబ్బులు రెట్టింపవుతాయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో ట్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, కొందరు కొడతారు, కొందరు కొట్టరు, వెతికితే రెండూ దొరుకుతున్నాయా?

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరికి అది ఒక్క అక్షరమే. ‘లాస్ట్ నేమ్ కనీసం 3 అక్షరాలు’ అని పెడితే మీ క్లాస్‌లోనే సగం మంది ఆగిపోతారు.

ఇంకొకటి, బటన్ ఎత్తు ఇంగ్లీష్ అక్షరాలకు సరిపోయేలా పెట్టి ఉంటే కింద వత్తులు తెగిపోతాయి. ‘రద్దు’ మీద చూడండి, ద కింది వత్తు కనిపిస్తోందా అని. మీ ఫోన్‌లో కాదు, అక్షరాల సైజు అన్నిటికన్నా పెద్దది పెట్టుకున్న ఫోన్‌లో. మీ పీజీ వంటగదిలో అలాంటి ఫోన్ ఒకటి ఉండే ఉంటుంది, అడిగి తీసుకోండి.